కప్పకు కట్టిన తలపాగా

నలభై ఒక్క ఏళ్ళుగా మెంగాన్ కప్పను చూసి నవ్వలేదు. నవ్వడం అటుంచి, కప్ప ఉన్న వైపు తల తిప్పి చూడను కూడా చూడలేదు. బాటలో కప్ప ఎదురైతే వీపు మీది గంప సర్దుకొని చుట్టు తిరిగి పోయేది. వాన వెలిసిన సాయంత్రాల్లో ఇంటి కింద కప్పలు గొంతెత్తితే, చేతిలో ఏ పని ఉంటే ఆ పనిని గట్టిగా చప్పుడయ్యేలా చేసేది. ఇంట్లోవాళ్ళు అదంతా చాదస్తం కింద జమకట్టారు. అరవై నిండిన మనిషికి ఆ మాత్రం చాదస్తం ఉంటే తప్పేమిటని ఎవరూ పట్టించుకోలేదు.

అలాంటి మనిషి సొంత మనవరాలే ఒకనాటి మధ్యాహ్నం ఫోనులో కప్పను పెట్టుకొని వసారా నడిమికి వచ్చింది.

అది స్తంభాల మీద ఎత్తున కట్టిన ఇరవై రెండు గుమ్మాల పొడుగిల్లు. కుటుంబానికి ఒక గది, అందరికీ కలిపి ఒకటే వసారా. ఈ కొసన ఒకరు తుమ్మితే ఆ కొసన ఇంకొకరు ముక్కు తుడుచుకుంటారు. కోతలు అయిపోయాయి, వడ్లు గాదెల్లోకి చేరాయి, కాబట్టి ఆ పూట జనమంతా వసారాలోనే చాపలు పరుచుకొని కాళ్ళు బారచాపుకొని ఉన్నారు. మెంగాన్ బుట్ట అల్లుతోంది. మనవరాలు జూలియానా పట్నంలో చదువుకుంటోంది, సెలవులకు వచ్చింది. పొద్దున్నే లేతాకు కోసుకొస్తానని దీవికి వెళ్ళింది. దీవి అంటే నీళ్ళ మధ్య ఉన్నది కాదు. చుట్టూరా కొండవాలు పొలాలు కొట్టుకుంటూ పోయి, ముత్తాతలు కత్తి పెట్టకుండా వదిలిన అడవి ముక్క. దాన్ని వాళ్ళు అలాగే పిలుస్తారు.

"ఇలా రండి, ఇలా రండి! మన ఇంటిపెద్ద అడవిలో కనిపించాడు!" అంటూ జూలియానా ఫోను ఎత్తి చూపించింది.

బొటనవేలి గోరంత చిట్టికప్ప. ఒళ్ళంతా గరుకు, కాళ్ళు పుల్లలు, నోరు మాత్రం ఈ చెవి నుంచి ఆ చెవి దాకా. ఆకు కూజాలా పెరిగి వాననీరు పట్టే కూజా మొక్క అంచు మీద కూర్చొని ఎవరికో తీర్పు చెప్పబోతున్నంత గంభీరంగా ఉంది. ఆ బొమ్మకు జూలియానా ఫోనులోనే ఈకల తలపాగా పెట్టింది, మీసాలు దిద్దింది. ఆ ఇరవై రెండు కుటుంబాలకూ పెద్ద, మెంగాన్ మరిది ఉంగ్గాట్‌కు నోరు పెద్దది, కాళ్ళు పొట్టివి. ఇంకేముంది, వసారా అంతా గొల్లుమంది. ఉంగ్గాట్ పెళ్ళాం పొట్ట పట్టుకొని చాప మీద ఒరిగిపోయింది. ఉంగ్గాట్ కూడా సగం నవ్వి, పెద్దరికం గుర్తొచ్చి మిగతా సగం మింగేశాడు.

మెంగాన్ చేతిలో బుట్ట జారి పడింది.

"తీసెయ్! తీసెయ్యవే దాన్ని!"

"అబ్బ, బొమ్మే గదా అవ్వా. అసలు కప్ప అక్కడ హాయిగా కూర్చోనుంది. దానికి తెలీను కూడా తెలీదు."

"దానికి తెలీకపోతే పైనున్నోడికి తెలీదా?"

జూలియానా మళ్ళీ ఏదో అనబోయి, అవ్వ ముఖం చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో కోపం లేదు. రక్తం లేదు. మెంగాన్ చూస్తున్నది మనవరాలి పరాచికాన్ని కాదు, తన పరాచికాన్నే. అవే ఈకలు, అదే తలపాగా, ఇంటిపెద్ద మీద అదే వెటకారం. తాను ఎవరికీ చెప్పని సంగతి ఈ పిల్ల ఒంట్లోకి ఎలా దిగిందో ఆమెకు అంతు చిక్కలేదు.

మనుషుల్ని సమ్మెటతో కొట్టి తయారుచేసిన దేవుడు సెలంపందాయ్ భూమ్మీద తిరిగేది కప్ప రూపంలోనే. అడవిలో టింగు టింగుమని కప్ప కూస్తే, ఎక్కడో ఒక బిడ్డ తయారవుతోందని లెక్క. అలాంటి జీవానికి మనిషి వేషం కట్టి నవ్వితే గాలివాన వస్తుంది. ఏటి మలుపులో వరసగా ఉన్న తొమ్మిది బండలు అలా నవ్వి రాళ్ళైపోయిన తొమ్మిదిమందే. ఆదివారం ప్రార్థనకు వెళ్ళి పాటలు పాడేవాళ్ళు కూడా ఆ బండల పక్కనుంచి పడవ పోయేటప్పుడు గొంతు తగ్గిస్తారు.

మూడు గంటలకు గాలి లేచింది. ముందు ఆకాశం ఆకుపచ్చగా తిరిగింది, ఆ తర్వాత ఏమీ కనిపించలేదు. ఐదు గుమ్మాల మీది జింకు రేకులు లేచిపోయి ఏటి అవతల పడ్డాయి. రెండు కుటుంబాల వడ్లు తడిసి ముద్దయ్యాయి. దురియన్ పండ్ల చెట్టు పందుల దొడ్డి మీద కూలింది. మనుషులకు దెబ్బ తగలకపోవడం ఒక్కటే అదృష్టం. గాలి కాస్త సర్దుకున్నాక ఉంగ్గాట్ తడిసిన వసారాలో నిలబడి, తన తండ్రి అడిగినట్టే అడిగాడు.

"ఎవరు మొదలెట్టారు?"

జూలియానా బళ్ళో ఎత్తినట్టు చెయ్యెత్తింది.

"నేనే చిన్నతాతా. వేషం కట్టింది నేను. నవ్వింది మాత్రం అందరూ, అది కూడా రాసుకో."

అంతే. ఒక చెయ్యి లేచింది, ఒక మాట వచ్చింది, అయిపోయింది. ఉంగ్గాట్ గొణిగాడు, ముసలివాళ్ళు తిట్టారు, తల్లి ఆ పిల్ల నెత్తిన ఒకటి మొట్టింది. జూలియానా వెంటనే తడిసిన వడ్లు ఎత్తడానికి పరుగెత్తింది. మెంగాన్ గోడకు ఆనుకొని ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది. ఇంత తేలికా? నలభై ఒక్క ఏళ్ళ కింద అలాంటి చెయ్యే తన ఒంటికీ ఉంది. లేవలేదు.

"ఉరుముల అవ్వను పిలిపిద్దాం," అన్నాడు ఉంగ్గాట్. "పాస్టరుగారు ఏమనుకున్నా సరే, ఎందుకైనా మంచిది. ఆవిడ వచ్చి శాంతి చేస్తే గానీ కొత్త రేకులు వెయ్యడానికి నాకు ధైర్యం చాలదు. రేప్పొద్దున్నే పడవ పంపుతా. వదినా, మీ గది ఒక్కటే పొడిగా ఉంది. ఆవిడకి పక్క అక్కడే వెయ్యాలి."

ఉరుముల అవ్వ అంటే సుబాంగ్.

సుబాంగ్, తాను ఒక ఈడువాళ్ళు. ఒకే వసారాలో పాకారు, ఒకే మగ్గం దగ్గర పనులు నేర్చారు. సుబాంగ్‌ను అప్పటి ఇంటిపెద్ద పెద్దకొడుకు సలాంగ్‌కు ఇస్తామని మాట అయిపోయింది. ఆ ఏడు ఇద్దరూ నూలుకు ఎర్రరంగు వెయ్యడానికి తొగరు వేళ్ళు తవ్వుకురావాలని దీవికి వెళ్ళారు. అక్కడ కూజా మొక్క అంచున చిట్టికప్ప కనిపించింది. లోపలి వాననీటిలో ఉడికిన మెతుకుల్లాంటి గుడ్లు పది కూడా లేవు. మెంగాన్ సుబాంగ్ గంపలోంచి ఎర్రదారం పోగు లాగి కప్ప తలకు చుట్టింది. దారిలో దొరికిన ఈక ముక్క ఒకటి అందులో గుచ్చింది. "ఇదిగోనే, మీ మామగారు! దణ్ణం పెట్టు!" అని నవ్వింది. నవ్వలేక కింద కూలబడి మరీ నవ్వింది. సుబాంగ్ మాత్రం పెదవి కొరుక్కుంటూ, "ఒద్దే, పాపం, తీసెయ్యవే" అని తానే గోటితో ఆ పోగు విడదీసి గంపలో వేసుకుంది.

ఇల్లు చేరకముందే గాలి వచ్చింది. ఇంటి కొసన దూలం విరిగి ఇంటిపెద్ద ముసలితల్లి మీద పడింది. మూడోనాడు ఆవిడ పోయింది. ఆ మూడు రోజుల్లో ఎప్పుడు చెప్పినా సరిపోయేది. తప్పు చేసినవాళ్ళు ఒప్పుకొని, నాలుగు వెంట్రుకలు నిప్పులో వేస్తే పైవాడు చల్లబడతాడని పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఇంటిపెద్ద తల్లి శవం పక్కన నిలబడి, "దీవిలో ఆడపిల్ల నవ్వు వినబడిందని వేటకు పోయినవాళ్ళు చెప్పారు. ఎవరు?" అని మెంగాన్‌నే ముందు అడిగాడు. మెంగాన్ గడ్డం ఎత్తి పక్కకు చూపించింది.

"సుబాంగ్," అంది.

ఒక్క మాట. గంప వెతికితే ఎర్రపోగు దొరికింది, దానికి ఇంకా కప్ప జిగురు ఉంది. సుబాంగ్ మెంగాన్ వైపు చూసింది గానీ కాదని గానీ, అవునని గానీ అనలేదు. తెల్లవారి ఆమె తండ్రి ఆమెను పడవలో కూర్చోబెట్టి ఏటి దిగువనున్న కింది ఇంటికి, మేనత్త దగ్గరికి తీసుకుపోయాడు. రెండేళ్ళకు సలాంగ్ ఇంటివాళ్ళు మెంగాన్‌ను అడిగారు. ఆమె ఊఁ అంది. ఆ మాట అన్న క్షణంలో తన మనసులో సలాంగ్ ఉన్నాడా అని మెంగాన్ తనను తాను వెయ్యిసార్లు అడిగింది. లేడనే చెప్పుకుంది. కానీ అడగడం మాత్రం మానలేకపోయింది. సలాంగ్ మంచివాడు. ముగ్గురు బిడ్డల్ని ఇచ్చి, ఆరేళ్ళ కింద పోయాడు. పోయేదాకా కూడా ఆమె అతనికి చెప్పలేదు.

ఇప్పుడు ఆ సుబాంగే శాంతి చెయ్యడానికి వస్తోంది. చుట్టుపక్కల ఏడు పొడుగిళ్ళవాళ్ళు గాలివాన వస్తే ఆమెకే కబురు పెడతారు. గాలిని పిలిచింది ఆమే గనక గాలి ఆమె మాటే వింటుందని వాళ్ళ నమ్మకం. కానీ ఆమె పిలవలేదుగా! పిలవని మనిషి మాట గాలి ఎందుకు వింటుంది? ఆ శాంతి పారకపోతే? మళ్ళీ రేకులు లేచి ఈసారి ఏ పిల్ల మెడ మీదో పడితే? మెంగాన్ ఆ ఆలోచనను అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎటు తిప్పినా ఒకచోటికే వచ్చింది. అందరి ముందూ చెప్పెయ్యాలి. శాంతి మొదలుకాకముందే, ఈ వసారాలోనే. మనవరాలికి చేతనైంది తనకు చేతకాదా? అలా అనుకోగానే ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమెకు అన్నం సయించింది.

మర్నాడు పదకొండు గంటలకు పడవ వచ్చింది. నడుమ గొడుగు కింద సుబాంగ్ కూర్చొనుంది. పొట్టిగా, గుండ్రంగా, ముక్కు మీద కళ్ళజోడు, బుగ్గన తాంబూలం. ఇంటిల్లిపాదీ రేవులోకి దిగి చేతులు అందించారు. ఆవిడ ఒక్కొక్కరినీ పలకరిస్తూ, వాళ్ళ మోకాళ్ళ నొప్పులూ పందుల ఆరోగ్యమూ అడుగుతూ మెట్లెక్కి, నేరుగా మెంగాన్ ముందుకు వచ్చి ఆగింది.

"ఏమే మెంగాన్, ఇంకా ఉన్నావా? నువ్వు ముందు పోతావని పందెం కట్టానే."

మెంగాన్ ఆమె గొడుగు అందుకుంది. "దా... లోపలికి దా."

"వస్తా, వస్తా. పొడి గది నీదొక్కటేనంట గదా. నీ అదృష్టం ఎప్పుడూ అంతే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మెంగాన్‌కు ఆ మాట ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చుకుంది. కావాలనే అందా, మామూలుగా అందా తెలియలేదు.

వెదురుబొంగులో ఉడికించిన కోడి, లేతాకు కూర, ఒక గిన్నె బియ్యపు కల్లు అయ్యాక సుబాంగ్ వసారాలోకి వచ్చి కూర్చొని ఏం చెయ్యాలో చెప్పింది. సాయంత్రం ఇక్కడ తెల్లకోడిపుంజుతో శాంతి. దానికి ముందు దీవికి వెళ్ళి ఆ కప్పను క్షమించమని అడగాలి.

"అక్కడికి నాతో ఒక్క మెంగానే వస్తుంది," అంది. "అప్పుడు నాతో ఉన్నది అదే గనక."

జూలియానా తానూ వస్తానంది. "నువ్వు నిన్న చేసింది చాల్లేవే తల్లీ," అని ఉరుముల అవ్వ ఆ పిల్ల చెంప తట్టి కూర్చోబెట్టింది.

ఇద్దరు ముసలాళ్ళు పళ్ళేలు, పేలాలు, గుడ్డు, తమలపాకులు గంపలో పెట్టుకొని బయల్దేరారు. పొలాలు దాటేటప్పటికే సుబాంగ్‌కు ఆయాసం వచ్చింది. దీవిలోకి అడుగుపెట్టగానే ఎండ పోయి చల్లబడింది. నిన్నటి గాలికి కొమ్మలు విరిగి బాట మీద పడి ఉన్నాయి. మెంగాన్ కాళ్ళు నలభై ఒక్క ఏళ్ళుగా రాని చోటికి దారి మరిచిపోలేదు. నాచు పట్టిన బండ, దాని వెనక వంగిన చెట్టు, ఆ చెట్టుకు వేళ్ళాడుతున్న కూజా మొక్కలు. అప్పటివి కావు, వాటి పిల్లల పిల్లలు. అయినా అదే చోటు.

చిట్టికప్ప ఉంది. ఫోనులో ఉన్నదో, మరొకటో. తలపాగా లేకుండా, మీసాలు లేకుండా, గోరంత ఒళ్ళుతో కూజా అంచున కూర్చొని గొంతు కింది చర్మం ఎగరేస్తోంది.

సుబాంగ్ బండ మీద చతికిలబడి పళ్ళేల్లో పేలాలు సర్దడం మొదలుపెట్టింది. మెంగాన్ నిలబడే ఉంది. గొంతులో ఉన్నది ఇక ఆగలేదు.

"సుబాంగ్, నేను అందరికీ చెప్పేస్తా. ఇవాళే. కోడిని తిప్పకముందే. నవ్వింది నేనని, దారం కట్టింది నేనని, నీ పేరు అబద్ధంగా చెప్పానని. నా మొహాన ఉమ్మేస్తే ఉమ్మేయనీ."

సుబాంగ్ చెయ్యి ఆగలేదు. గుడ్డును పేలాల మధ్య నిలబెట్టింది. అది దొర్లిపోతే మళ్ళీ నిలబెట్టింది.

"చెప్పి?"

"చెప్తే ఈ బరువు దిగుద్ది. ఇంక మొయ్యలేనే."

"నీ బరువు దిగుద్ది సరే. దిగి ఎక్కడికి పోద్ది?" సుబాంగ్ కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. "కూర్చో. నిలబడి చెప్పేవాళ్ళ మాట నాకు వినబడదు. కూర్చోవే."

మెంగాన్ కూర్చుంది.

"కింది ఇంటికి పోయిన మొదటి ఏడు నా పక్కన కూర్చొని ఎవరూ అన్నం తినలేదు. పిల్లల మీద నా నీడ పడితే లాక్కుపోయేవాళ్ళు. నాతో మాట్లాడింది మా అత్త కుక్క ఒక్కటే, అదీ అన్నం మిగిలిన రోజున. మూడో ఏడు పెద్ద గాలి వచ్చింది. ఇల్లు ఊగుతోంది. అక్కడి ఇంటిపెద్ద పెళ్ళాం వచ్చి నా కాళ్ళ మీద పడింది. నువ్వు పిలిచే గాలిని నువ్వే పంపెయ్యమ్మా అని. నాకేం తెలుసు? నాలుగు వెంట్రుకలు కాల్చి, వసారా అంచుకు పోయి, ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టా. తిట్లకి కరువేముంది, నీ కోసం దాచిపెట్టినవే మూడేళ్ళ సరుకుంది. అంతా దులిపేశా. గాలి తగ్గింది. ఆవిడ ఆ పూట తన చేత్తో నాకు అన్నం పెట్టింది."

మెంగాన్ ఏడుస్తోంది. సుబాంగ్ దాన్ని పట్టించుకోలేదు.

"అక్కణ్ణించి మొదలైంది. ఇవాళ ఏడు ఇళ్ళవాళ్ళు నాకు చెయ్యందించి మెట్లెక్కిస్తారు. తల్లి లేని పిల్లని పెంచుకున్నా. ఉరుముల అవ్వ కూతురని దాన్ని మంచి ఇంటికి చేసుకున్నారు. ఇదంతా ఆ నవ్వు మీద కట్టుకున్న బతుకు. నువ్వు ఇప్పుడొచ్చి ఆ నవ్వు నాదీ అంటే నేనెవర్నే? ఊరికే వెళ్ళగొట్టిన ముసల్దాన్ని. ఇన్నాళ్ళూ అందరి కళ్ళకీ గంతలు కట్టినదాన్ని."

"మరి... పిలవనిదానివి, నీ మాట గాలి వింటుందా? శాంతి పారుద్దా?"

"గాలి ఎప్పటికైనా తగ్గుద్ది మెంగాన్. తగ్గేదాకా జనం గుండె జారిపోకుండా పట్టుకొనే మనిషి ఒకరు కావాలి. నలభై ఏళ్ళుగా నేను చేసేది అదే. పనిచేసిందిగా."

మెంగాన్ కొంగుతో ముక్కు తుడుచుకొని, ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది అడిగింది.

"ఆ రోజు నోరెందుకెత్తలేదు? కాదని ఒక్కమాట అనుంటే..."

"అందామనే అనుకున్నా. నీ మొహం చూశా. గడగడా వణికిపోతున్నావు. ఇది భయంలో అనేసింది, ఇప్పుడు సర్దుకొని చెప్పేస్తుందిలే అనుకున్నా. నీ నోటితో నువ్వు చెప్తేనే బాగుంటుందనిపించింది. మూడో జాముకి చెప్తావనుకున్నా. తెల్లారి చెప్తావనుకున్నా. పడవ ఎక్కేదాకా చూశా. తొమ్మిది బండల మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నా, రేవులోకి పరుగెత్తుకొస్తావేమోనని."

మెంగాన్‌కు ఆ పొద్దు బాగా గుర్తుంది. పడవ పోతున్నంతసేపూ తాను గదిలో తలుపు వెనక కూర్చొని, తెడ్ల చప్పుడు ఆగిపోయేదాకా చెవులు మూసుకొంది. ఆ సంగతి చెప్పాలనుకుంది. చెప్పడానికి మొహం చెల్లలేదు.

"అప్పుడు ఒక మాట చెప్పి నా పేరు తీసేసుకున్నావు," అంది సుబాంగ్. గొంతు పెంచలేదు. "ఇప్పుడు ఇంకో మాట చెప్పి ఈ పేరు కూడా తీసుకోకు. నాకున్నది ఇదొక్కటే."

కూజా అంచున కప్ప టింగుమంది. ఇంత చిన్న ఒంట్లోంచి అంత స్పష్టమైన చప్పుడు. ఇద్దరూ అటు తిరిగారు.

"చెప్పుకోవాలనుంటే అదిగో, దానికి చెప్పు. తప్పు జరిగింది దానికేగా. నాకు చెప్పావు, దానికి చెప్తే సరిపోద్ది. మూడోవాళ్ళు అక్కర్లేదు."

మెంగాన్ మోకాళ్ళ మీద జరిగి కూజా మొక్క ముందుకు వచ్చింది. నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి కప్పను సూటిగా చూసింది. దాని కళ్ళ చుట్టూ సన్నటి బంగారు గీత ఉందని ఆనాడు గమనించనేలేదు. గోరంత దాని ముందు ముడతలుపడ్డ ఇంత పెద్ద మనిషి వంగి కూర్చొని, "నీకు దారం కట్టింది నేనే," అంది. "నవ్వింది నేనే. సుబాంగ్ కాదు, మెంగాన్. నన్ను కొట్టి చేసింది నువ్వేనంటారు. ఎక్కడో సరిగ్గా సాగలేదు నేను. క్షమించు."

కప్ప వినిందో లేదో. ఒక గెంతు గెంతి కూజాలోని నీళ్ళలోకి దిగిపోయింది. అక్కడ దాని గుడ్లు ఉన్నాయి, దానికి దాని పనులున్నాయి.

"అయిపోయింది, లే," అంది సుబాంగ్. "నన్ను కూడా లేపు. నాకు ఈ బండ మీంచి లేవడం రాదు."

సాయంత్రం వసారాలో శాంతి బ్రహ్మాండంగా జరిగింది. సుబాంగ్ తెల్లకోడిపుంజును అందరి తలల మీదుగా తిప్పింది. వసారా అంచుకు వెళ్ళి ఆకాశంతో మాట్లాడింది. బతిమాలింది, బెదిరించింది, ఒకచోట అందరూ సిగ్గుపడేంత మాట అంది. నిన్న వడ్లు తడిసి ఏడ్చిన ఆడవాళ్ళ ముఖాలు తేటపడ్డాయి. ఉంగ్గాట్ అప్పుడే రేకుల కొలతలు మాట్లాడుతున్నాడు. మెంగాన్ అన్నీ చూసింది. ఈ మనిషి చేతుల్లో ఏదో లేకపోలేదని ఆమెకు అనిపించింది. అది గాలి ఇచ్చింది కాదు, కుక్కతో మాట్లాడిన ఆ మూడేళ్ళు ఇచ్చింది.

కల్లు గిన్నెలు తిరగడం మొదలయ్యాక జూలియానా వచ్చి సుబాంగ్ పక్కన చేరింది. చదువుకున్న పిల్ల, ఏదీ ఊరికే మింగదు.

"ఉరుముల అవ్వా, నిన్నట్నించీ ఒకటి అడగాలనుంది. ఆ రోజు మా అవ్వ కూడా నీతోనే ఉందంట గదా. కప్పకి తలపాగా కట్టడమంటే నాకు భలే తెలిసిన పనిలా ఉంది. నిజం చెప్పు, మా అవ్వ అసలు నవ్వలేదా?"

నవ్వులు, మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సుబాంగ్ తమలపాకుకు సున్నం రాస్తోంది. ఆ చెయ్యి ఆగిపోయింది. ఆమె తల ఎత్తలేదు.

"ఆవిణ్ణి అడుగుతావేంటే, మీ అవ్వనే అడుగు," అన్నాడు ఉంగ్గాట్. "మా నాన్న అడిగితే చెప్పింది మా వదినే. నేను చిన్నోణ్ణి, ఇక్కడే ఈ స్తంభం పక్కనే నిలబడున్నా. చెప్పు వదినా, పిల్ల కూడా వింటది. నవ్వింది ఎవరు?"

అదే వసారా. అదే ప్రశ్న. ఇరవై రెండు గుమ్మాల జనం ఆమె ముఖంలోకి చూస్తున్నారు. చెప్పెయ్యాలన్న మాట నిన్నటి నుంచీ నాలుక కొసనే ఉంది. ఇంత సులువుగా మళ్ళీ ఎప్పుడూ రాదు. చెయ్యెత్తితే చాలు. మనవరాలి కళ్ళలో తాను ఒక్కసారైనా నిజం చెప్పిన మనిషిగా మిగిలిపోతుంది.

మెంగాన్ గడ్డం ఎత్తి పక్కకు చూపించింది.

"సుబాంగ్," అంది. "నేను నవ్వలేదు. అంత ధైర్యం నాకెక్కడిది?"

వసారా మళ్ళీ మాటల్లో పడింది. జూలియానా ఇంకాసేపు అవ్వ వైపే చూసి, ఎవరో పిలిస్తే లేచిపోయింది. సుబాంగ్ ఆకుకు సున్నం రాయడం పూర్తిచేసింది. వక్క పెట్టి, మడిచి, తన నోట్లో వేసుకోకుండా మెంగాన్ చేతిలో పెట్టింది.